మైనస్ 196 డిగ్రీల వింతలు విశేషాలు

గేదె అరుస్తూ, తోకెత్తి తీగలు వేస్తుంటే ఇంటివాళ్లు చేసే మొదటి పని, ఊళ్లో కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రకు ఫోన్ కొట్టడం. ఆయన బండికి కట్టుకొచ్చిన క్యాన్ మూత తీసి, తెల్లటి ఆవిరి మధ్య నుంచి సన్నటి గొట్టం ఒకటి లాగుతారు. గోరువెచ్చని నీళ్లలో ముంచి, తుడిచి, గన్నుకు ఎక్కించి పని ముగిస్తారు. ఆ గొట్టంలో ఉన్నది పావు మిల్లీలీటరు ద్రవం. అందులో సుమారు రెండు కోట్ల వీర్యకణాలు. అంతకుముందు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి అవి మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో మునిగి ఉన్నవే.

ఈ ఘనీకృత వీర్యం చరిత్ర తిరగేస్తే రికార్డులకు కొదవ లేదు. ఆ రికార్డుల వెనక ఒక సంగతి మాత్రం మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. వీర్యకణాన్ని చంపేది గడ్డకట్టించే చలి కాదు. ఆ చలిలోకి దిగేటప్పుడూ, తిరిగి బయటికి వచ్చేటప్పుడూ ప్రాణగండం. మైనస్ 15 నుంచి మైనస్ 60 డిగ్రీల మధ్య ఉన్న ఆ గండాన్ని ప్రతి కణమూ రెండుసార్లు దాటాలి.

అన్నిటికంటే పాతది

1968లో ఆస్ట్రేలియాలో నాలుగు మెరినో పొట్టేళ్ల వీర్యాన్ని చిన్న చిన్న గుళికలుగా గడ్డకట్టించి సిడ్నీ విశ్వవిద్యాలయంలో దాచారు. దాచినాయన స్టీవ్ సాలమన్ అనే శాస్త్రవేత్త. ఆ పొట్టేళ్లలో ఒకదాని పేరు సర్ ఫ్రెడ్డీ, పుట్టింది 1959లో. యాభై ఏళ్ల తర్వాత అదే విశ్వవిద్యాలయం వాళ్లు ఆ గుళికల్ని కరిగించి 56 గొర్రెలకు వేస్తే 34 చూడి కట్టాయి. అంటే 61 శాతం. ఈమధ్యే గడ్డకట్టించిన వీర్యంతో వచ్చిన ఫలితం 59 శాతం. అరశతాబ్దం నిల్వ ఉన్నా నష్టం లేదని 2019లో ప్రకటించారు. పిల్లనిచ్చే సత్తా నిలుపుకున్న క్షీరద వీర్యాల్లో ప్రపంచంలోకెల్లా పాతది ఇదేనన్నారు.

పుట్టిన గొర్రెపిల్లల చర్మం మీద ముడతలు ఉన్నాయి. పోయిన శతాబ్దం మధ్యలో ఉన్ని ఎక్కువ రావాలని అలా ముడతల గొర్రెల్ని పెంచేవారు. తర్వాత ఉన్ని కత్తిరించడానికి ఇబ్బందని, ఈగల బెడదని ఆ లక్షణాన్ని వదిలించుకున్నారు. మందలోంచి పోయిన లక్షణం క్యానులో మాత్రం మిగిలే ఉంది.

మైనస్ 196 దగ్గర నీరు ద్రవంగా ఉండదు కాబట్టి రసాయన చర్యలు దాదాపు ఆగిపోతాయి. అక్కడ కణానికి వయసు మీద పడదు. ప్రకృతిలో సహజంగా ఉండే రేడియేషన్ ఒక్కటే నెమ్మదిగా నష్టం చేస్తుంది. ఆ లెక్కన వేల ఏళ్లు నిల్వ ఉండవచ్చని శాస్త్రవేత్తల అంచనా.

అన్నిటికంటే అదృష్టం తెచ్చిన సీసా

లండన్ శివారు మిల్ హిల్‌లోని పరిశోధనా సంస్థలో 1940ల చివర క్రిస్టఫర్ పోల్జ్, ఆడ్రీ స్మిత్, అలన్ పార్క్స్ కోడిపుంజు వీర్యాన్ని గడ్డకట్టించాలని చూస్తున్నారు. పోల్జ్‌కు అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. పండ్ల చక్కెర ద్రావణంతో ఎన్నిసార్లు ప్రయత్నించినా కరిగించేసరికి కణాలు చచ్చి ఉండేవి. కొన్ని నెలలు పక్కన పెట్టి, శీతల గదిలో దాచిన అదే ద్రావణంతో మళ్లీ మొదలుపెడితే ఈసారి కణాలు ఈదుతూ కనిపించాయి. కొత్తగా చక్కెర ద్రావణం కలిపి చూస్తే మళ్లీ పాత కథే.

అనుమానం వచ్చి సీసాలో మిగిలిన కాస్త ద్రావణాన్ని పరీక్షకు పంపారు. చక్కెర చుక్క కూడా లేదు. నీరు, గ్లిసరాల్, అల్బుమిన్ ఉన్నాయి. గాజు పలకల మీద కణజాలపు ముక్కలు అతికించడానికి ప్రయోగశాలల్లో వాడే ద్రావణం అది. శీతల గదిలో చీటీలు తారుమారయ్యాయి. 1949లో ఆ ఫలితం నేచర్ పత్రికలో వచ్చింది. నేటికీ ఆవు, గేదె వీర్యంలో కలిపే ప్రధానమైన రక్షణ ద్రవ్యం గ్లిసరాలే. సాధారణంగా ఆరేడు శాతం కలుపుతారు. కణం లోపలి నీటితో కలిసిపోయి, మంచు పలుకులు పెద్దవై పొరను చీల్చకుండా అడ్డుకుంటుంది.

ఇందులో ఇంకో వింత ఉంది. గ్లిసరాల్ మహిమ బయటపడింది కోడిపుంజు వీర్యంలోనే అయినా, కోడిపెట్టకు మాత్రం అది పడదు. గ్లిసరాల్ ఉన్న వీర్యం వేస్తే గుడ్లు ఫలదీకరణ చెందవు. కరిగించాక దాన్ని తీసేసి వేయాలి. ఆ బెడద లేని ఆవులకే ఆ ఆవిష్కరణ ఎక్కువ లాభం తెచ్చింది.

తొలి కాన్పుల జాబితా

గడ్డకట్టించకుండా, తాజా వీర్యంతో కృత్రిమంగా చూడి కట్టించిన తొలి ఘనత ఇటలీకి చెందిన లజారో స్పల్లాంజానీది. 1780లో ఒక కుక్కకు వేస్తే 62 రోజులకు మూడు పిల్లలు పెట్టింది. గడ్డకట్టించిన వీర్యంతో తొలి దూడ 1951లో బ్రిటన్‌లో పుట్టింది. అమెరికాలో తొలి దూడ 1953 మే నెలలో విస్కాన్సిన్‌లో పుడితే దానికి ఫ్రాస్టీ అని పేరు పెట్టారు.

మన దేశంలో తొలి కృత్రిమ గర్భధారణ 1939లో మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫారంలో సంపత్ కుమారన్ చేతుల మీదుగా జరిగింది. గేదెలో తొలి దూడ 1943లో అలహాబాద్ వ్యవసాయ సంస్థలో పుట్టింది. రెండూ గ్లిసరాల్ సంగతి తెలియక ముందటివి, తాజా వీర్యం కాలం నాటివి.

ఒకే వ్యాసం, ముగ్గురు రికార్డు వీరులు

పంది వీర్యాన్ని గడ్డకట్టించడం మహా కష్టం. చల్లదనం తగిలితేనే దాని కణాల పొర దెబ్బతింటుంది. గడ్డకట్టించిన పంది వీర్యాన్ని శస్త్రచికిత్స ద్వారా లోపలికి పంపి, అది ఫలిస్తుందని 1970లో ఒక వ్యాసం నిరూపించింది. దాని మీద మూడు పేర్లున్నాయి: పోల్జ్, సాలమన్, విల్మట్. మొదటాయన తారుమారైన సీసా పోల్జ్. రెండో ఆయన సర్ ఫ్రెడ్డీ గుళికల్ని దాచిన సాలమన్. మూడో ఆయన ఇయాన్ విల్మట్. తర్వాత 1973లో గడ్డకట్టించిన పిండం నుంచి తొలి దూడను పుట్టించింది ఆయనే, 1996లో డాలీ గొర్రెను పుట్టించిన బృందానికి పెద్ద కూడా ఆయనే.

పుట్టినరోజు విందులో దొరికిన గొట్టం

తొలి రోజుల్లో వీర్యాన్ని గాజు సీసాల్లో గడ్డకట్టించేవారు. సీసా పెద్దది కాబట్టి మధ్యలోని ద్రవం ఒక తీరుగా, అంచులది ఇంకో తీరుగా చల్లబడేది. గొట్టమైతే సన్నం, అంతటా ఒకేలా చల్లబడుతుంది. ఈ ఆలోచన డెన్మార్క్‌కు చెందిన సోరెన్సెన్‌ది. 1940 ప్రాంతంలో ఆయన మొదట ఓట్ పైరు గడ్డిపరకల్నే వాడారు. తర్వాత కూతురి పుట్టినరోజు విందులో పిల్లలు సెలొఫేన్ స్ట్రాలతో పానీయం పీలుస్తుంటే చూసి, తనకు కావాల్సింది ఇదేనని పట్టుకున్నారు. 1960లలో ఫ్రాన్స్‌కు చెందిన రాబర్ట్ కాసూ వాటిని ప్లాస్టిక్‌లో భారీగా తయారు చేశారు. ఇవాళ మన దగ్గర వాడే పావు మిల్లీలీటరు వీర్యనాళిక పొడవు 133 మిల్లీమీటర్లు, లావు రెండు మిల్లీమీటర్లు. అంత సన్నటి గొట్టం మీదే ఆబోతు నంబరు, జాతి, తీసిన తేదీ, కేంద్రం పేరు అచ్చు వేస్తారు.

అన్నిటికంటే ఎక్కువ నాళికలు

2001లో పుట్టిన టాయ్‌స్టోరీ అనే హోల్‌స్టీన్ ఆబోతు 2014లో విస్కాన్సిన్‌లో చనిపోయేసరికి దాని పేరు మీద 24 లక్షలకు పైగా నాళికలు తయారయ్యాయి. యాభైకి పైగా దేశాలకు వెళ్లాయి. దాని సంతతి సుమారు అయిదు లక్షలు ఉంటుందని అంచనా.

మామూలుగా ఒక్క ఆబోతు నుంచి ఎన్ని నాళికలు వస్తాయంటే లెక్క ఇదీ. ఒకసారి తీస్తే సుమారు అయిదు మిల్లీలీటర్లు. మిల్లీలీటరుకు దాదాపు వంద కోట్ల కణాలు. నాళికకు రెండు కోట్ల చొప్పున పంచితే రెండొందల యాభై. వారానికి ఒకటి రెండు రోజులు తీసినా ఏడాదికి వేలల్లోకి పోతుంది. తీయడంలోనూ ఒక కిటుకు ఉంది. ఆబోతును డమ్మీ మీదికి ఎక్కనిచ్చి, వీర్యం రాకుండానే దించి, కాసేపు ఆపి మళ్లీ ఎక్కిస్తారు. ఇలా ఒకటి రెండుసార్లు ఊరిస్తే కణాల సంఖ్య బాగా పెరుగుతుందని అమెరికాలో ఆల్మ్‌క్విస్ట్ చూపించారు. చాలా కేంద్రాల్లో ఆ డమ్మీ ఇంకో మగ పశువే.

అన్నిటికంటే ఖరీదైన లోపం

1962లో పుట్టిన చీఫ్ అనే హోల్‌స్టీన్ ఆబోతు కూతుళ్లు 16,000. మనవరాళ్లు అయిదు లక్షలు. మునిమనవరాళ్లు ఇరవై లక్షలకు పైనే. పాల దిగుబడిలో దానికి తిరుగులేదు. కానీ దాని ఒక జన్యువులో చిన్న తేడా ఉంది. ఆ తేడా తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ వస్తే పిండం కడుపులోనే పోతుంది. 35 ఏళ్లలో ప్రపంచవ్యాప్తంగా 5,25,000 గర్భాలు అలా పోయాయని, 42 కోట్ల డాలర్ల నష్టమని 2016లో లెక్కగట్టారు. అదే లెక్కలో చీఫ్ సంతతి ఇచ్చిన అదనపు పాల విలువ 3,000 కోట్ల డాలర్లు.

నాళికలో కణాలు ఎంత చురుగ్గా ఈదినా ఈ లోపం మైక్రోస్కోపుకు దొరకదు. అందుకే మన దేశంలో కూడా వీర్య కేంద్రంలోకి ఆబోతును తీసుకునే ముందు బీఎల్ఏడీ, సిట్రులినీమియా వంటి జన్యు లోపాల పరీక్ష, క్రోమోజోముల పరీక్ష, అంటువ్యాధుల పరీక్ష చేయాలనే నిబంధనలు పెట్టారు.

గుడ్డు సొనతో మేకకు తంటా

వీర్యాన్ని చల్లబరిచేటప్పుడు పొర దెబ్బతినకుండా కోడిగుడ్డు పచ్చసొన కాపాడుతుందని 1939-40లో అమెరికాలో ఫిలిప్స్, లార్డీ కనుగొన్నారు. ఎనభై ఏళ్లు దాటినా సొన స్థానం చెక్కుచెదరలేదు. సోయా లెసిథిన్‌తో చేసిన ద్రావణాలు వచ్చినా, ఇప్పటికీ ఎన్నో కేంద్రాల్లో పొద్దున్నే గుడ్లు పగలగొట్టి, తెల్లసొన అంటకుండా వడపోత కాగితం మీద దొర్లించి, పచ్చసొన తీస్తూనే ఉంటారు.

మేకపోతు దగ్గర మాత్రం ఈ మందు తిరగబడుతుంది. దాని వీర్యద్రవంలో ఉండే ఒక ఎంజైము సొనలోని లెసిథిన్‌ను విరగ్గొట్టి, కణాలకే విషమయ్యే పదార్థంగా మారుస్తుంది. అందుకని మేక వీర్యాన్ని ముందు కడిగి ద్రవం తీసేస్తారు, లేదా సొన బాగా తగ్గిస్తారు.

పెయ్యదూడ కోసం లేజర్

పెయ్యదూడనిచ్చే ఎక్స్ కణంలో, కోడెదూడనిచ్చే వై కణం కంటే డీఎన్ఏ 3.8 శాతం ఎక్కువ. తేడా అంతే. కణాలకు రంగు పట్టించి, ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పంపి, మెరుపు ఎక్కువున్న వాటిని వేరు చేస్తారు. అమెరికా వ్యవసాయ శాఖలో లారీ జాన్సన్ బృందం 1989లో కుందేళ్లలో దీన్ని నిరూపించింది. ఇప్పుడు ఆవుల్లో పదింట తొమ్మిది పెయ్యలు పుట్టించవచ్చు. దేశీయంగా తయారైన పరిజ్ఞానాన్ని 2024 అక్టోబరు 5న మహారాష్ట్రలోని వాషిమ్‌లో ప్రధాని ప్రారంభించారు.

దీనికి మూల్యమూ ఉంది. వేరు చేసే పనిలో కణాలు అలిసిపోతాయి, నాళికలో వేసే సంఖ్యా చాలా తక్కువ, సాధారణంగా ఇరవై లక్షలు. మామూలు నాళికలో పదో వంతు. అందుకే ఈ నాళికను ఎద స్పష్టంగా కనిపించే, ఆరోగ్యంగా ఉన్న పడ్డలకు వేస్తే ఫలితం బాగుంటుంది. రెండు మూడుసార్లు తిరగపొర్లిన పశువుకు వేయడం డబ్బు దండగ.

చచ్చిన పదేళ్లకు కవల

ఘనీకృత వీర్యంలో వీర్యకణాలే కాదు, ఆబోతు ఒంటి కణాలూ కొన్ని కలిసి ఉంటాయి. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వాటిని ఏరి, పెంచి, క్లోనింగ్‌కు వాడారు. పదేళ్ల కిందటే చనిపోయిన దున్న వీర్యం నుంచి అలా 2014 జులైలో రజత్ అనే దూడ పుట్టింది. అది ఆ దున్నకు కొడుకు కాదు, జన్యుపరంగా కవల.

కరవది నుంచి బ్రెజిల్ దాకా

ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన ఆవుగా గిన్నిస్ పుస్తకానికెక్కిన వియాటినా-19 బ్రెజిల్‌ది. 2023లో దాని విలువను సుమారు 43 లక్షల డాలర్లుగా లెక్కగట్టారు. బరువు 1,101 కిలోలు. జాతి నెలోర్. మన ఒంగోలు పశువులే సముద్రం దాటి, ఓడరేవున్న నెల్లూరు జిల్లా పేరుతో అక్కడ స్థిరపడ్డాయి. 1960ల తొలినాళ్లలో వెళ్లిన ఆబోతుల పేర్లు వింటే మనవాళ్లకు ముచ్చటేస్తుంది: కర్వాది, గోదావరి, చెకురుపాడు, ఆకాశము. ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరు మోసిన ఆ ఆబోతు రక్తం లేని నెలోర్ వంశాలు అక్కడ అరుదు. నాలుగైదు ఆబోతుల సంతానం ఖండమంతా పరుచుకోవడానికి కృత్రిమ గర్భధారణ తోడైంది. మనం మాత్రం పాల కోసం సంకరజాతి నాళికల వెంట పడి, ఒంగోలు మందల్ని పలచబరుచుకున్నాం.

ఎండదెబ్బకు రెండు నెలల గడువు

వృషణాలు ఒంటి వేడి కంటే నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యం బాగా తయారవుతుంది. ఒక వీర్యకణం తయారు కావడానికి ఆబోతులో సుమారు రెండు నెలలు పడుతుంది. అందువల్ల మే నెలలో తగిలిన వడదెబ్బ జులైలో తీసిన వీర్యంలో బయటపడుతుంది. విశాఖపట్నం, నంద్యాల, కరీంనగర్ వంటి చోట్ల ఉన్న వీర్య కేంద్రాలకు ఇది ఏటా ఉండే పరీక్షే. దున్నలకు నల్లటి చర్మం, తక్కువ చెమట గ్రంథులు. దాని మీద గేదె వీర్యం ఆవు వీర్యంలా గడ్డకట్టడాన్ని తట్టుకోదు. కాబట్టి పందిరి, నీటి తుంపరలు, ఫ్యాన్లు అక్కడ సౌకర్యం కింద లెక్కకు రావు. నాణ్యత మొదలయ్యేదే వాటి దగ్గర.

తీసిన వీర్యంలో ముందు 70 శాతం కణాలు చురుగ్గా ఈదాలి. ద్రావణం కలిపి, నాళికల్లో నింపి, నాలుగు డిగ్రీల దగ్గర నాలుగు గంటలు ఉంచుతారు. తర్వాత మైనస్ 140 ప్రాంతపు నత్రజని ఆవిరిలో నిమిషాల్లో గడ్డకట్టించి ద్రవంలో ముంచుతారు. మర్నాడు కొన్ని కరిగించి చూసి, కనీసం సగం కణాలు ఈదకపోతే ఆ రోజు సరుకంతా పారేయాలి. దేశంలో నిబంధన ఇదే.

అన్నిటికంటే ప్రమాదకరమైన పది సెకన్లు

ఇన్ని గండాలు దాటొచ్చిన నాళిక ఊళ్లో, క్యాన్ మెడ దగ్గర దెబ్బతింటుంది. నాళికలున్న గిన్నెను మెడ పైదాకా లాగి, కావాల్సింది వెతుకుతూ నిలబడితే మిగిలినవన్నీ వేడెక్కుతాయి. మైనస్ 130 దాటితే లోపల మంచు పలుకులు మళ్లీ పెరగడం మొదలవుతుంది. తిరిగి ముంచినంత మాత్రాన పాడైంది బాగుపడదు, పైగా ప్రతిసారీ కొంత చేరుతూ పోతుంది. అందుకే గిన్నెను మెడ దిగువనే ఉంచి, పట్టకారుతో, పది సెకన్లలోపు తీయాలంటారు. తర్వాత 37 డిగ్రీల నీళ్లలో అరనిమిషం. చేతిలో రుద్దడం, చంకలో పెట్టడం, ఎండలో పట్టుకోవడం ఏదీ పనికిరాదు. మెల్లగా కరిగితే మైనస్ 60, మైనస్ 15 మధ్య ఉన్న ఆ గండంలో కణం ఎక్కువసేపు నిలబడాల్సి వస్తుంది.

మన దేశంలో వందసార్లు వేస్తే చూడి నిలిచేది సుమారు 35 సార్లే. ప్రయోగశాలలో శ్రద్ధగా చేసిన గొర్రెల ఫలితంతో దీన్ని నేరుగా పోల్చలేం. నిల్వ కాలం మీద నింద వేయలేమని మాత్రం తేలిపోయింది.

రైతు చేతిలోని రికార్డు

ఇక్కడ మన వంతు కొంత ఉంది. ఉదయం ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు ఉదయం వేయించాలన్న సూత్రం 1948లో అమెరికాలో ట్రింబర్గర్ పరిశీలనల నుంచి వచ్చింది. ఇప్పటికీ చెల్లుతోంది. గేదెల్లో, ముఖ్యంగా వేసవిలో, మూగ ఎద ఎక్కువ. అరుపు ఉండదు. తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయాక మానం వాపు, తీగ చూసుకోవాల్సిందే.

గోపాలమిత్ర వచ్చినప్పుడు నీళ్లు వెచ్చగా ఉన్నాయో లేదో, గిన్నె ఎంత పైకి లేస్తోందో గమనించండి. వాడేసిన నాళికను పారేయకుండా అడిగి తీసుకుని, దాని మీది ఆబోతు నంబరు, తేదీ పుస్తకంలో రాసుకోండి. రేపు దూడ తండ్రి ఎవరో తెలియాలన్నా, అదే ఆబోతును దాని కూతురికే వేయకుండా ఉండాలన్నా ఆ ఒక్క అంకె చాలు. 21 రోజులకు మళ్లీ ఎదకొస్తుందేమో కనిపెట్టి చూడండి. రాకపోతే మూడో నెలలో చూడి పరీక్ష చేయించండి. వరసగా మూడుసార్లు తిరగపొర్లితే నాలుగో నాళిక వేయించకుండా, ముందు పశువుల డాక్టరుతో గర్భాశయం పరీక్ష చేయించండి. చాలాసార్లు లోపం అక్కడే దొరుకుతుంది.